డాట్ అంటే పిడికిలి

ఆత్మకూరు బస్టాండు దగ్గర షేర్ ఆటోలు నడిపేవాళ్లలో కొందరు నా దగ్గర ఇంటర్ చదివినవాళ్లే. నన్ను చూస్తే వాళ్లు నమస్కారం పెట్టరు. హ్యాండిల్ మీద నుంచి కుడిచెయ్యి ఎత్తి, పిడికిలి బిగించి చూపిస్తారు. వెనక కూర్చున్న అనంతసాగరం ప్యాసింజర్లు ఇదేం గొడవ అన్నట్టు నా వంక చూస్తారు. నిరుటి దాకా నేనూ నవ్వుతూ తిరిగి పిడికిలి చూపించేవాణ్ని. ఇప్పుడు కూరగాయల బండి వైపు తిరిగి, అక్కర్లేని వంకాయలు బేరం చేస్తాను.

ఫిజిక్స్ లెక్చరర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, మీ అనుభవం చెప్పండి సార్ అంటారు. బదిలీల సంగతీ ప్రమోషన్ల సంగతీ చెప్పడానికి మీ స్టాఫ్ రూములో కావలసినంత మంది ఉన్నారు. నేను ఈ పిడికిలి సంగతి చెబుతాను. చదివాక నా మీద మీకున్న గౌరవం కొంత తగ్గుతుంది. తగ్గాలి కూడా.

పిడికిలి ఎలా పుట్టింది

నా సర్వీసులో ఎక్కువ భాగం ఉదయగిరిలోనే గడిచింది. కాలేజీ కిటికీలోంచి చూస్తే దుర్గం కొండ కనిపిస్తుంది. ఎండాకాలం మొదలయ్యాక ఆ కొండ వేడి మా గదుల్లోనే కాపురం పెడుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి, ఇటు మర్రిపాడు వైపు నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. చాలామందివి తెలుగు మీడియం చదువులు.

ఫస్టియర్ మొదట్లోనే వెక్టర్ల పాఠం వస్తుంది. ఎంత అన్నది మాత్రమే ఉంటే స్కేలార్. ఎంత, ఎటు అన్న రెండూ ఉంటే వెక్టర్, దాని నెత్తిన బాణం గుర్తు పెట్టాలి. ఇంతవరకూ పిల్లలు బాగానే వచ్చేవాళ్లు. ఆ తర్వాత రెండు వెక్టర్ల మధ్య చుక్క పెట్టి, ఇది డాట్ ప్రోడక్ట్, దీని జవాబుకు దిక్కు లేదు అని చెప్పాలి. తర్వాతి పేజీలో అవే రెండు వెక్టర్ల మధ్య ఇంటూ గుర్తు పెట్టి, ఇది క్రాస్ ప్రోడక్ట్, దీని జవాబుకు దిక్కు ఉంది అని చెప్పాలి. అక్కడ పిల్లల బుర్రలు తిరిగిపోయేవి. పరీక్షలో డాట్ జవాబు మీద బాణం పెట్టేవాళ్లు, క్రాస్ జవాబు మీద మానేసేవాళ్లు. మార్కులు పోయేవి.

ఒకరోజు విసుగెత్తి, "అందరూ చేతులు పైకెత్తండి. డాట్ అంటే పిడికిలి, క్రాస్ అంటే వేలు" అన్నాను. పిడికిలికి దిక్కు లేదు, వేలికి ఉంది. అంతే నా ఉద్దేశం. క్లాసు మొత్తం చేత అరిపించాను. నేను డాట్ అంటే అందరూ పిడికిళ్లు బిగించేవాళ్లు, క్రాస్ అంటే చూపుడువేళ్లు లేచేవి. పిల్లలకు ఆటగా ఉంది. ఆ ఏడు పరీక్షల్లో బాణం తప్పు పెట్టినవాళ్లు నా క్లాసులో దాదాపు లేరు.

మా ప్రిన్సిపాల్ నన్ను గదికి పిలిపించాడు. ఇంగ్లీషు లెక్చరర్‌గా పైకొచ్చిన మనిషి, ఫిజిక్స్ ముక్క తెలియదు.

"ఏమయ్యా, నీ క్లాసు కొండ మీద దాకా వినపడతా ఉండాది" అన్నాడు. "పిల్లోళ్లు అంత గట్టిగా చెప్తా ఉండారంటే అర్థమైనట్టే గదా."

నేను పొంగిపోయాను. తర్వాత తనిఖీకి ఎవరొచ్చినా ఆయన ముందు నా క్లాసుకే తీసుకొచ్చేవాడు. నేను డాట్ అనేవాణ్ని, గదంతా పిడికిళ్లు లేచేవి, వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టి పోయేవాళ్లు. పక్క కాలేజీల లెక్చరర్లు కూడా ఇది నేర్చుకున్నారు. నాకు పిడికిలి సార్ అని పేరొచ్చింది. ఆ పేరు వింటే నాకు కడుపు నిండినట్టు ఉండేది.

ఆ ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. వానకు కారే గదులకు స్లాబు వేయించాడు, ఆడపిల్లలకు బాత్‌రూముల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కాకపోతే పాఠాన్ని చెవులతో కొలిచేవాడు. మీకూ అలాంటి పైవాళ్లే దొరుకుతారు. వాళ్ల కొలతకు సరిపోయే పాఠం చెప్పడం చాలా తేలిక, అందుకే అది ప్రమాదం.

ప్రశ్న రాని క్లాసు

అసలు సంగతి చెబుతాను. డాట్ ప్రోడక్ట్ స్కేలార్ ఎందుకవుతుందో నాకు తెలియదు. నేను చదువుకునేటప్పుడు మా లెక్చరర్ డెఫినిషన్ అంతే అన్నాడు. నేనూ డెఫినిషన్ అంతే అన్నాను. ఎమ్మెస్సీ చేసినా, ఏళ్ల తరబడి పాఠం చెప్పినా, ఆ ఎందుకు అన్నది నా నోట ఒక్కసారీ రాలేదు.

పిల్లలు అడగలేదా అంటారేమో. అడగకుండా చూసుకున్నాను. ప్రశ్న రాకుండా పాఠం చెప్పడం కూడా ఒక విద్యే. దాన్ని మీకు ఎవరూ నేర్పక్కర్లేదు, సెప్టెంబరు వచ్చేసరికి మీకే వచ్చేస్తుంది. పిడికిలి అరుపు అవ్వగానే ఊపిరి తీసుకోనివ్వకుండా బోర్డు మీద లెక్క వేసేవాణ్ని. పిల్లలు తల వంచుకుని గుణించుకుంటుంటే ఎవరికి నోరు లేస్తుంది. లెక్క అయ్యేసరికి బెల్లు కొట్టేవాళ్లు.

ఒకసారి మాత్రం మస్తాన్ అనే పిల్లవాడు లేచి నిలబడ్డాడు. "సార్, నాకు జవాబు మైనస్ వచ్చింది. అంటే దిక్కు ఎనక్కా?" అన్నాడు.

"ఆ, ఎనక్కే. కూర్చో" అన్నాను.

చూడండి, దిక్కే లేదని అప్పుడే అందరి చేతా అరిపించినవాణ్ని, మరు నిమిషంలో వెనక్కి దిక్కు ఉందన్నాను. గదిలో ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు. గమనించి ఉంటే ఆ రోజే నా డొల్లతనం బయటపడేది.

కెమిస్ట్రీ చెప్పే రహంతుల్లా స్టాఫ్ రూములో టీ తాగుతూ అడిగాడు ఒకసారి. "అది సరేబ్బా, పిడికిలి ఎందుకు? దిక్కు ఏడకు పోయింది?"

"నీ టెస్ట్‌ట్యూబులోకి పోయింది" అన్నాను. అందరూ నవ్వారు. రహంతుల్లా కూడా నవ్వాడు. నవ్వించి తప్పించుకోవడం నాకు బాగా చేతనవును.

హెప్సిబా

రిటైరయ్యాక ఆత్మకూరులో ఇల్లు కట్టుకున్నాం. నిరుడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం హెప్సిబా వచ్చింది. కలువాయి దగ్గర పల్లె ఆ పిల్లది. ఉదయగిరిలో బంధువుల ఇంట్లో ఉండి నా దగ్గర ఇంటర్ చదివింది. ముందు బెంచీ. డాట్ అంటే అందరికన్నా ముందు లేచే పిడికిలి ఆ పిల్లదే. తర్వాత ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఆత్మకూరులోనే ఒక ప్రైవేటు కాలేజీలో చెబుతోంది. తండ్రి లేడు, తల్లి ఆ పిల్ల జీతం మీదే ఉంది. పిల్లలు చేరక ఆ కాలేజీని మూసేస్తున్నారు. అందుకని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పోయి వచ్చింది.

"ఎట్టా జరిగింది?" అన్నాను.

"బాగా జరగలా సార్." కుర్చీ అంచున కూర్చుంది. "ముగ్గురు కూర్చోనుండారు. మధ్యలో మేడమ్ డాట్ ప్రోడక్ట్ అడిగింది. డెఫినిషన్ చెప్పినాను, ఫార్ములా చెప్పినాను. జవాబు స్కేలార్ ఎందుకవతాది అనింది. నాకేం తోచలా. చెయ్యి దానంతటదే లేచింది."

"చెయ్యి లేవడం ఏంది?"

ఒళ్లో ఉన్న చెయ్యి కొంచెం ఎత్తి పిడికిలి చూపించింది. నేను నేర్పినట్టే, బొటనవేలు లోపలికి మడిచి.

"వాళ్లేమన్నారు?"

"ఇద్దరు నవ్వినారు. మేడమ్ మాత్రం నవ్వలా. వచ్చే సోమవారం అందరికీ డెమో క్లాసు ఉండాది, నువ్వు ఇదే టాపిక్ చెప్పు, ఎందుకో కూడా చెప్పు అనింది. మీ దగ్గర అడిగి పోదామని వచ్చినాను సార్."

అప్పుడు నా మనసులోకి ముందు ఏమొచ్చిందో దాచకుండా రాస్తున్నాను. అయ్యో ఈ పిల్ల ఉద్యోగం పోయేట్టుందే అని రాలేదు. పిడికిలి ఎవరు నేర్పారంటే నా పేరు చెప్పిందేమో అని వచ్చింది. జిల్లాలో ఫిజిక్స్ చెప్పేవాళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది. అడగాలని నాలుక దాకా వచ్చింది, జవాబుకు భయపడి అడగలేదు.

"ఇందులో ఏముందమ్మా" అన్నాను. "ఏ అనే వెక్టర్ పరిమాణం ఒక సంఖ్య, బీ అనే వెక్టర్ పరిమాణం ఒక సంఖ్య, వాటి మధ్య కోణానికి కాస్ తీటా ఇంకో సంఖ్య. సంఖ్యల్ని గుణిస్తే సంఖ్య గాక దిక్కొస్తాదా?"

హెప్సిబా ఆలోచించింది. "క్రాస్‌లోనూ అంతే గదా సార్. ఏ, బీ, సైన్ తీటా. అన్నీ సంఖ్యలే. మరి ఆడ వేలు ఎందుకు లేస్తాది?"

ఇంత చిన్న ప్రశ్న నాకు ఎన్నడూ ఎందుకు రాలేదు?

"అది డెఫినిషన్. పెద్దోళ్లు అట్టా పెట్టినారు."

"ఎందుకు అట్టా పెట్టినారంటే ఏం చెప్పమంటారు సార్?"

"సిలబస్‌లో ఉండేది చెప్తే చాల్లేమ్మా. ఇప్పుడు పిల్లోళ్లకు వితండవాదం ఎక్కువైపోయింది."

ఆ పిల్ల తల వంచుకుంది. అలా తల వంచడం నేను ఎన్ని క్లాసుల్లో చూశానో లెక్కలేదు. అదంతా వినయం అనుకునేవాణ్ని. నోరు నొక్కితే కూడా తల అలాగే వంగుతుందని ఆ మధ్యాహ్నం తెలిసింది.

నా భార్య విమల వంటింట్లోంచి మజ్జిగ తెచ్చింది. గ్లాసు హెప్సిబాకు ఇచ్చి నాతో అంది: "తెలీకపోతే తెలీదని చెప్పొచ్చు గదా. ఇంత ఎండన పడి వచ్చింది మీతో చీవాట్లు తినడానికా?"

"నాకు తెలీదు హెప్సిబా" అన్నాను. తెలిసిన విద్యార్థి ముందు ఆ మాట అనడం అంత కష్టమని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నమ్మేవాణ్ని కాదు. ఆ పిల్ల ముఖం చిన్నబోతుందనుకున్నాను. చిన్నబోలేదు.

"అయితే ఇద్దరం చూద్దాం సార్" అంది.

బియ్యం మూట

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పుస్తకంలో మొదటి ఉదాహరణే పట్టుకున్నాం. బలాన్నీ కదిలిన దూరాన్నీ డాట్ చేస్తే పని వస్తుంది. వసారాలో బియ్యం మూట ఉంది, పొద్దున మిల్లు నుంచి వచ్చింది. దానికి కొబ్బరితాడు కట్టాం. నేను తాడు ఏటవాలుగా పట్టుకుని వసారా పొడుగునా తూర్పుకు లాగాను.

లాగుతుంటే ఒక సంగతి చేతికి తెలిసింది. నా లాగుడంతా మూటను ముందుకు నడిపించడం లేదు. తాడు పైకి వాలి ఉంది కాబట్టి కొంత బలం మూటను పైకెత్తబోయి వృథా అవుతోంది. నేలకు సమాంతరంగా ఉన్నంత మేరకే నడకకు పనికొస్తోంది. ఆ పనికొచ్చిన భాగాన్ని లెక్కగట్టేదే కాస్ తీటా. అన్నేళ్లు బోర్డు మీద రాసిన కాస్ తీటా నా చేతికి తగలడం అదే మొదటిసారి.

"అంటే డాట్ అడిగేది, లాగినదాంట్లో నడకకు పనికొచ్చింది ఎంత అని" అంది హెప్సిబా.

"ఎంత అనే అడగతా ఉండాది. ఎటు అని అడగలా" అన్నాను. అన్నాను గానీ నాకే గట్టిగా అనిపించలేదు. మేడమ్ ఇంకో మెట్టు కిందికి దిగి అడిగితే?

ఇంతలో విమల బయటికొచ్చింది. "ముగ్గంతా చెరపతా ఉండారు. ఎట్టాగూ లాగతా ఉండారు గదా, వంటింట్లోకి లాగండి, నాకు పనైనా తప్పతాది."

సరేనని మూటను ఉత్తరానికి తిప్పి ఇంట్లోకి లాగడం మొదలుపెట్టాను. హాలు మధ్యకు వచ్చేసరికి హెప్సిబా అడ్డం నిలబడింది.

"సార్, ఒక్క నిమిషం. ఇందాక తూర్పుకు లాగినాం, ఇప్పుడు ఉత్తరానికి. అదే బలం, తాడు అదే వాలు. దూరం కూడా అంతే అయితే, పని మారతాదా?"

"మారదు."

"తాడు తిరిగింది, మూట నడిచే దిక్కు తిరిగింది. జవాబు మాత్రం తిరగలా. దానికి బాణం ఉంటే వాటితో పాటు అదీ తిరగాల గదా సార్."

నేను మూట మీద కూర్చుండిపోయాను.

అంతే సంగతి. రెండు వెక్టర్లనూ కలిపి ఎటు తిప్పినా, వాటి మధ్య కోణం మారనంత వరకు డాట్ జవాబు కదలదు. దిక్కున్న వస్తువు కదలకుండా ఉండలేదు. కాబట్టి ఆ జవాబుకు దిక్కు లేదు.

క్రాస్ సంగతి హెప్సిబా వంటింట్లోనే తేల్చింది. పుస్తకంలో దానికి ఉదాహరణ టార్క్, అంటే బలం ఒక వస్తువును తిప్పడం. మామిడికాయ పచ్చడి సీసా తీసుకుంది. సీసా నిలబెట్టి మూత తిప్పితే మూత పైకి వస్తుంది. అదే సీసాను పడుకోబెట్టి తిప్పితే మూత పక్కకు వస్తుంది. అక్కడ అడిగేది ఏ ఇరుసు చుట్టూ తిరుగుతోంది అని. సీసాను తిప్పితే జవాబూ దానితో తిరిగింది. "అందుకని ఆడ వేలు లేస్తాది సార్" అంది. మూత బిగించి ఇవ్వమ్మా నూనె కారుతాది అని విమల సీసా లాక్కుంది.

మస్తాన్ అడిగిన మైనస్ కూడా అప్పుడే విడిపోయింది. పల్లంలో జారుతున్న మూటను వెనక్కి పట్టి ఆపేవాడు చేసిన పని మైనస్ అవుతుంది. దిక్కు వెనక్కి అని కాదు, వాడి బలం నడకకు అడ్డం పడుతోందని. ఈ ముక్క ఆ పిల్లవాడికి చెప్పడానికి ఇప్పుడు వాడెక్కడున్నాడో తెలియదు.

ఏదైనా అర్థమైతే సంతోషం కలుగుతుందంటారు. హెప్సిబాకు కలిగింది, ముఖం వెలిగిపోయింది. నాకు సిగ్గు కలిగింది. ఇది ఒక్క మధ్యాహ్నం పని. పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, సామాన్లు అక్కర్లేదు. ఉదయగిరిలో మా అద్దె ఇంట్లో కూడా బియ్యం మూట ఉండేది.

మీకు చెప్పేది ఇది. గుర్తు పెట్టుకోవడానికి పిడికిలి మంచిదే, నేను ఇప్పటికీ తప్పనను. అర్థం ఉండాల్సిన చోట దాన్ని కూర్చోబెట్టడం తప్పు. మీకు తెలియని చోటు పాఠంలో ఎక్కడుందో మీకు తెలుస్తూనే ఉంటుంది. సరిగ్గా అక్కడే మీ గొంతు పెరుగుతుంది. గొంతు పెరిగిందనిపించిన రోజు ఇంటికెళ్లి ఆ చోటు చూసుకోండి.

ఫోను

సోమవారం డెమోకి వెళ్లింది. నేను పొద్దుటి నుంచి వసారాలోనే తిరిగాను. ఆ రోజు ఫోను రాలేదు, మర్నాడూ రాలేదు. వారం తర్వాత వచ్చింది.

"సార్, ఉద్యోగం వచ్చింది" అంది.

"మూట తీసకపోయినావా?"

"లేదు సార్. ఒక పిల్లోడి పుస్తకాల బ్యాగుకు తాడు కట్టినాను. వాడి చేత్తోనే లాగించినాను, ముందు కిటికీ వైపుకి, మళ్లా వాకిలి వైపుకి. వాళ్లే చెప్పేసినారు సార్, జవాబు తిరగలా అని." నవ్వింది. "మేడమ్ ఆఖర్లో అడిగింది, నీకు ఇట్టా ఎవరు చెప్పినారమ్మా అని. మీ పేరు చెప్పినాను. ఉదయగిరిలో మా సార్ అని."

"నా పేరు ఎందుకు? తిప్పి చూసింది నువ్వు గదా."

"మూట మీ ఇంటిదే గదా సార్."

నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే, ఆ రోజు నాలుక దాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న బయటికొచ్చేసింది. ఇప్పుడు ఏం చెప్పినా ఫరవాలేదనిపించింది కాబోలు.

"మరి మొదటి ఇంటర్వ్యూలో? ఆ పిడికిలి నీకెవరు నేర్పినారని అడగలా?"



"అడిగినారు సార్."

"ఏం చెప్పినావు?"

"నేనే కల్పించుకున్నానని చెప్పినాను."

సరేనమ్మా, జాగ్రత్తగా చెప్పుకో పిల్లోళ్లకి అని ఫోను పెట్టేశాను. ఆ రోజు వాళ్ల ముందు నవ్వులపాలైంది తను. ఆ నవ్వును నా దాకా రానీకుండా తనే ఉంచేసుకుంది. మెప్పు వచ్చినప్పుడు మాత్రం నా పేరు చెప్పింది. ఆ మధ్యాహ్నం నేను నా పరువు గురించి బెంగపడుతూ కూర్చున్నప్పటికే ఆ పిల్ల దాన్ని కాపాడి వచ్చింది.

విమల వచ్చి, "ఏమంట? ఉద్యోగం వచ్చిందంటనా?" అంది.

వచ్చిందన్నాను.

"మరి అట్టా కూర్చున్నారేంది?"

ఉక్కపోస్తోంది అన్నాను. మిగతా సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. ఇది అచ్చయితే చదువుకుంటుంది.